గుండెపోటు తర్వాత గుండెకు జన్యు నిలుపుదల చికిత్స

గుండెపోటులో చచ్చిపోయిన కండరం మళ్లీ మొలవదు. హృదయ ధమని రక్తపు గడ్డతో మూసుకుపోయిన అరగంటకే దాని పరిధిలోని కండర కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఆ నష్టం లోపలి పొర నుంచి బయటి పొర వైపు గంటల వ్యవధిలో పాకుతుంది. మనిషి ఎడమ జఠరికలో రెండు వందల నుంచి నాలుగు వందల కోట్ల కండర కణాలుంటాయని అంచనా. పెద్ద గుండెపోటులో వాటిలో వంద కోట్ల దాకా పోవచ్చు. అణుపరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 ఆనవాళ్లను స్వీడన్ శాస్త్రజ్ఞులు గుండె కణాల డీఎన్‌ఏలో కొలిచారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు ఒక శాతం, 75 ఏళ్లకు అర శాతం లోపే కొత్త కణాలు పుడతాయని 2009లో ప్రకటించారు. పోయినదాన్ని పూడ్చడానికి ఆ వేగం ఎందుకూ చాలదు.

చచ్చిన కండరం స్థానంలో మచ్చ కడుతుంది. మచ్చ గట్టిగానే ఉంటుంది కానీ ముడుచుకోదు. దాని వంతు పని మిగిలిన కండరం మీద పడుతుంది. నెలలు గడిచేకొద్దీ జఠరిక సాగి, గోడ పలచబడి, గుండె గుండ్రంగా ఉబ్బుతుంది. ఒక్కో స్పందనలో జఠరిక బయటికి నెట్టే రక్తం పాలును ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది 55 నుంచి 70 శాతం వరకు ఉంటుంది, దెబ్బతిన్న గుండెలో 40 కంటే కిందికి దిగవచ్చు. స్టెంట్, గడ్డను కరిగించే ఇంజెక్షన్ తొలి గంటల్లో అందితే చావాల్సిన కండరంలో చాలా భాగం మిగులుతుంది. ఆ తర్వాత వాడే మాత్రలు గుండె మీది భారాన్ని తగ్గించి ఉబ్బును నెమ్మదింపజేస్తాయి. 1992లో వెలువడిన సేవ్ పరీక్షలో గుండెపోటు వచ్చిన 3 నుంచి 16 రోజుల్లోపు 2,231 మందిని చేర్చుకుని, వారిలో కొందరికి క్యాప్టోప్రిల్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. క్యాప్టోప్రిల్ వాడినవారిలో మరణాలు 19 శాతం తగ్గాయి. ఈ కోవలోని మందులన్నీ కణం బయటి సంకేతాలనో ఎంజైములనో అడ్డుకునేవి. కణం లోపల ఏ ప్రొటీన్ తయారు కావాలో, ఏది కాకూడదో నిర్ణయించే దశలోనే జోక్యం చేసుకుంటే ఏమవుతుందన్నది గత పాతికేళ్లుగా నడుస్తున్న ప్రశ్న.

నకలును చింపడం

జన్యువులోని సమాచారం ముందు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది, ఆ నకలును చదివి కణం ప్రొటీన్ తయారు చేస్తుంది. జన్యు నిలుపుదల అసలు డీఎన్‌ఏ జోలికి పోదు. తహసీల్దారు కార్యాలయంలో భూమి రికార్డు భద్రంగా ఉండగా, బయటికి వచ్చిన నకళ్లను మాత్రం చింపేయడం లాంటిది ఇది. కొత్త నకళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి మందు పనిచేసినంతకాలమే ప్రభావం ఉంటుంది. క్రిస్పర్ వంటి జన్యు సవరణకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. గుండెపోటు విషయంలో ఈ తాత్కాలికత లోపం కాదు, సుగుణం. ఎందుకో తర్వాతి భాగాల్లో తేలుతుంది.

నకలును చెడగొట్టే మార్గాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా పాతది యాంటీసెన్స్. లక్ష్యమైన ఆర్‌ఎన్‌ఏకు అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కతో వైరస్ పెరుగుదలను ఆపవచ్చని పాల్ జామెక్నిక్, మేరీ స్టీఫెన్‌సన్ 1978లో చూపారు. రెండోది ఆర్‌ఎన్‌ఏ జోక్యం. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను ఎక్కిస్తే దానికి సరిపోలే జన్యువు పని ఆగిపోతుందని ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో 1998లో ఒక చిన్న నులిపురుగులో కనుగొన్నారు. 2006లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. క్షీరదాల కణాల్లో పొడవాటి ఆర్‌ఎన్‌ఏ వైరస్ దాడిగా భ్రమింపజేసి కలకలం రేపుతుంది. సుమారు 21 అక్షరాల పొట్టి ముక్కలతో ఆ బెడద తప్పుతుందని 2001లో థామస్ టుషల్ బృందం చూపాక ఇది వైద్యానికి పనికొచ్చే సంగతైంది. ఈ పొట్టి ముక్కలనే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అంటారు. కణంలోని ఆర్గోనాట్ అనే ప్రొటీన్ ఈ ముక్క పోగుల్లో ఒకదాన్ని పట్టుకుని, దానికి జత కుదిరే నకలును వెతికి కత్తిరిస్తుంది.

మూడోది కొంచెం తిరకాసుగా ఉంటుంది. కణం తనంతట తాను తయారు చేసుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు సహజంగానే ఇతర జన్యువులను అదుపు చేస్తుంటాయి. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో వీటిని బయటపెట్టారు, నోబెల్ మాత్రం 2024లో అందింది. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకేసారి పదుల కొద్దీ జన్యువులను తగ్గించగలదు. జబ్బుపడిన గుండెలో కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు హద్దు మీరి పెరిగి, కావలసిన జన్యువులను నొక్కేస్తాయి. అప్పుడు వాటినే అడ్డుకుంటే కింద నలిగిన జన్యువులు తేరుకుంటాయి. ఇవిగాక, నిలుపుదల చేసే ఆర్‌ఎన్‌ఏను కణమే తయారు చేసుకునేలా ఆ సూచనను వైరస్ ద్వారా కణంలోకి పంపే పద్ధతీ ఉంది. దాని ప్రభావం నెలలు, ఏళ్లు నిలుస్తుంది. తాత్కాలికత అనే సుగుణం ఇక్కడ పోతుంది.

తొలి వారం: తెల్ల కణాల రద్దీ

కండరం చచ్చిన చోటికి మొదట న్యూట్రోఫిల్స్, వెనకే మోనోసైట్లు వస్తాయి. మోనోసైట్లు ఎముక మూలుగ నుంచే కాక ప్లీహంలోని నిల్వ నుంచి కూడా బయల్దేరతాయని 2009లో బోస్టన్ పరిశోధకులు చిట్టెలుకల్లో చూపారు. తొలి నాలుగు రోజులు వచ్చే మోనోసైట్లు దూకుడువి. చచ్చిన కణాలను ఊడ్చేస్తూ, చుట్టూ ఉన్న బతికిన కణజాలాన్నీ కొంత నమిలేస్తాయి. ఆ తర్వాత వచ్చేవి శాంతస్వభావులు, కొత్త రక్తనాళాలకూ మచ్చకూ దారి వేస్తాయి. మొదటి దశ సాగితే రెండోది ఆలస్యమవుతుంది, అసలు మొదటిదే లేకపోతే చచ్చిన కండరం తొలగక మచ్చ సరిగా కట్టదు.

ఈ సంగతి వైద్యులు అనుభవంతో నేర్చుకున్నారు. గుండెపోటు వచ్చినవారికి 1970లలో వాపు తగ్గించే స్టెరాయిడ్లు ఇచ్చి చూశారు. కొందరిలో గుండె గోడ ఉబ్బి చిట్లిన సంఘటనలు బయటికి రావడంతో ఆ దారి మూసుకుపోయింది. 2017లో ఫలితాలు వెలువడిన క్యాంటోస్ పరీక్షలో, గతంలో గుండెపోటు వచ్చిన 10,061 మందిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతాన్ని అడ్డుకునే కనకినుమాబ్‌ను పరీక్షించారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. ఒళ్లంతా వాపు ప్రక్రియను అణిచే మందుకు ఈ మూల్యం తప్పదు. జన్యు నిలుపుదల ఆశ పుట్టిస్తున్నది ఇక్కడే. ఒక రకం కణంలో, ఒక జన్యువును, కొద్ది రోజులు మాత్రమే ఆపడం దానితో సాధ్యం.

మోనోసైట్లు రక్తం నుంచి దెబ్బతిన్న చోటికి వాసన పట్టి వచ్చేది సీసీఆర్2 అనే గ్రాహకం సాయంతో. కొవ్వు నానోకణాల్లో సీసీఆర్2కు సరిపోయే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏను నింపి చిట్టెలుకలకు రక్తనాళం ద్వారా ఇచ్చిన ప్రయోగం 2011లో బోస్టన్ నుంచి వెలువడింది. మోనోసైట్లకు ఏది దొరికినా మింగే స్వభావం ఉంది కాబట్టి నానోకణాలు వాటికే ఎక్కువగా చేరాయి. గుండెపోటు పరిమాణం తగ్గింది. అదే బోస్టన్ బృందం 2014లో ఇంకో అడుగు వేసింది. మోనోసైట్ కణజాలంలోకి చేరి మాక్రోఫేజ్‌గా మారుతుంది. ఐఆర్ఎఫ్5 అనే జన్యువు ఆ మాక్రోఫేజ్‌ను దూకుడు స్వభావంలో ఉంచుతుంది. దాన్ని ఆపితే కణాల రాక ఆగదు, వచ్చినవాటి నడత మారుతుంది. చిట్టెలుకల్లో పుండు త్వరగా మానింది, గుండె ఉబ్బడం తగ్గింది. 2016లో వారు మూడో వైపు నుంచి వచ్చారు. తెల్ల కణాలు రక్తనాళం గోడకు అంటుకునేందుకు వాడుకునే ఐదు అంటు ప్రొటీన్లను ఒకే నానోకణంతో, నాళం లోపలి పొరలో, ఒకేసారి ఆపారు. ఒక్కొక్కదాన్ని విడిగా ఆపితే మిగిలినవి ఆ పని అందుకుంటాయి కనుక ఐదింటినీ కలిపి తీసుకున్నారు. మామూలు మందుతో ఐదు వేర్వేరు ప్రొటీన్లను ఏకకాలంలో ఆపడం ఎంత కష్టమో తలచుకుంటే ఈ పద్ధతి బలం తెలుస్తుంది.

ఈ మూడింటిలో ఐఆర్ఎఫ్5 దారే ఎక్కువ తెలివైనదిగా కనిపిస్తుంది. రద్దీని ఆపడం కన్నా దాని నడత మార్చడం పుండు మానే ప్రక్రియకు తక్కువ హాని. అయితే ఇవన్నీ చిట్టెలుకల ఫలితాలు. చిట్టెలుక గుండె నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకుంటుంది, దాని పుండు మనిషి కన్నా వేగంగా మానుతుంది. నాలుగో రోజు, ఏడో రోజు అన్న లెక్కలు మనిషికి యథాతథంగా వర్తించవు.

మచ్చ: శత్రువా, ఆధారమా

మచ్చను కట్టేవి ఫైబ్రోబ్లాస్టులు. గుండెపోటు పడిన చోట మచ్చ కావాలి, లేకపోతే గోడ చిట్లుతుంది. పెరియోస్టిన్ అనే ప్రొటీన్ లేని చిట్టెలుకల్లో గుండెపోటు తర్వాత తొలి పది రోజుల్లో గుండె చిట్లి చావడం ఎక్కువని, బతికి బట్టకట్టినవాటిలో మాత్రం మచ్చ తక్కువై గుండె పని మెరుగ్గా ఉందని 2007లో తేలింది. ఒకే ప్రొటీన్ తొలి రోజుల్లో ప్రాణం నిలిపి, ఆ తర్వాత గుండెను బిగదీస్తుందన్నమాట. దెబ్బ తగలని దూరపు కండరంలోకి పాకే పీచు కణజాలం మాత్రం ఏ రోజునా మేలు చేయదు.

మచ్చను తగ్గించే లక్ష్యాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 చరిత్ర చదవదగ్గది. జర్మనీలో థామస్ థుమ్, స్టెఫాన్ ఎంగెల్‌హార్ట్ బృందం 2008లో నేచర్ పత్రికలో ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏను అడ్డుకుంటే పీచు కణజాలం తగ్గుతుందని ప్రకటించింది. ఆ ప్రయోగం గుండెపోటు మీద కాదు, మహాధమనిని బిగించి గుండె మీద ఒత్తిడి పెంచిన చిట్టెలుకల మీద. రెండేళ్లకు అమెరికా నుంచి ఎరిక్ ఆల్సన్ తదితరుల బృందం ఎదురు వార్త పంపింది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 పూర్తిగా లేని చిట్టెలుకల్లోనూ గుండె ఉబ్బు, పీచు యథావిధిగా వచ్చాయి, ఎనిమిది అక్షరాల పొట్టి అడ్డుముక్క కూడా ఏ మేలూ చేయలేదు. జర్మన్ బృందం రకరకాల పొడవుల ముక్కలను పోల్చి, పొడవైనవి పనిచేస్తాయని, పొట్టిది పనిచేయదని జవాబిచ్చింది. పుట్టుక నుంచే ఒక జన్యువు లేకపోతే శరీరం వేరే దారి వెతుక్కుంటుంది కాబట్టి ఆ చిట్టెలుకల ఫలితమూ నిర్ణాయకం కాదు. 2020లో పందుల్లో ధమనిని మూసి తెరిచి, ఆ తర్వాత హృదయ ధమనుల ద్వారా మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అడ్డుముక్క ఇచ్చిన ప్రయోగంలో పీచు తగ్గి గుండె పని మెరుగుపడింది. ఒకే జన్యువును ఆపే రెండు మందులు వాటి రసాయన నిర్మాణం వల్ల రెండు వేర్వేరు ఫలితాలు ఇవ్వవచ్చునన్నది ఈ వివాదంలో తేలిన విషయం. ఏ ప్రయోగమైనా చదివేటప్పుడు జన్యువు పేరుతో పాటు ముక్క పొడవునూ చూడాల్సి ఉంటుంది.

రక్తనాళాలు, ముడుచుకునే బలం

గుండెపోటు అంచున సగం ఊపిరితో మిగిలిన కండరానికి కొత్త రక్తనాళాలు కావాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-92ఎ నాళాల పెరుగుదలకు అడ్డు. దాన్ని ఆపితే చిట్టెలుకల్లో నాళాలు పెరిగి గుండె పుంజుకుంటుందని ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన స్టెఫానీ డిమ్మెలర్ బృందం 2009లో చూపింది. 2013లో పందుల్లో క్యాథెటర్ ద్వారా ఇచ్చినప్పుడు గుండెపోటు పరిమాణం తగ్గింది. అంతకు ముందే, 2008లో, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ2 అనే ఎంజైమును ఆపే ఆర్‌ఎన్‌ఏను చిట్టెలుకల గుండెలోకి ఎక్కించారు. ప్రాణవాయువు సరిపడా ఉన్నప్పుడు హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను విరిచేయడం పీహెచ్‌డీ2 పని. అది ఆగితే కణం తనకు గాలి అందడం లేదనుకుని నాళాలను పిలిచే సంకేతాలు పంపుతుంది.

బతికి ఉన్న కండరం బలంగా ముడుచుకునేలా చేయడం ఇంకో దారి. కండర కణంలో కాల్షియంను గోదాములోకి తిరిగి లాగే పంపు సెర్కా2ఎ. ఫాస్ఫోలాంబాన్ అనే చిన్న ప్రొటీన్ దానికి బ్రేకు. గుండె బలహీనపడినప్పుడు పంపు తగ్గుతుంది, బ్రేకు బిగుస్తుంది. పంపునే పెంచుదామని చేసిన క్యూపిడ్ 2 జన్యు చికిత్స పరీక్షలో 250 మంది రోగులకు మేలు కనిపించలేదు. కొందరి గుండె నమూనాలు పరీక్షిస్తే వైరస్ మోసుకెళ్లిన జన్యు ప్రతులు అతి తక్కువగా ఉన్నాయి. అంటే చికిత్స సిద్ధాంతం ఓడిందో, రవాణా ఓడిందో చెప్పడం కుదరలేదు. బ్రేకును సడలించే యాంటీసెన్స్ మందు 2021లో నెదర్లాండ్స్ పరిశోధకుల చేతిలో చిట్టెలుకల్లోనూ, గుండె వైఫల్యం కలిగించిన ఎలుకల్లోనూ గుండె పనిని మెరుగుపరిచింది. ఇక్కడ ఒక హెచ్చరిక మరవకూడదు. ఫాస్ఫోలాంబాన్ అసలు లేని చిట్టెలుక గుండె చురుగ్గా, బలంగా ఉంటుంది. అదే ప్రొటీన్ పుట్టుకతోనే లేని మనుషుల్లో గుండె ఉబ్బి విఫలమైన కుటుంబాలను 2003లో గుర్తించారు. చిట్టెలుక గుండె ఎప్పుడూ పూర్తి వేగంతోనే నడుస్తుంది. పరుగెత్తాల్సి వచ్చినప్పుడు మనిషి గుండె ఆ బ్రేకు వదిలి వేగం పుంజుకుంటుంది. బ్రేకే లేకపోతే ఆ నిల్వశక్తి ఉండదు. కాబట్టి ఈ లక్ష్యం విషయంలో సగం తగ్గించడం, పూర్తిగా తీసేయడం రెండు వేర్వేరు చికిత్సలు.

కణాలను తిరిగి పుట్టించడం

పైన చెప్పినవన్నీ మిగిలిన కండరాన్ని కాపాడేవి. పోయిన కండరాన్ని తిరిగి పెంచాలన్న ప్రయత్నం వేరు. జీబ్రా చేప జఠరికలో ఐదో వంతు కత్తిరిస్తే రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుంది. పుట్టిన మర్నాడు చిట్టెలుక పిల్ల గుండె కూడా అలా పెరుగుతుందని, ఏడో రోజుకు ఆ శక్తి పోతుందని 2011లో తేలింది. పెద్దయిన గుండెలో విభజనకు తాళం వేసే యంత్రాంగాల్లో ముఖ్యమైనది హిప్పో మార్గం. దీన్ని మొదట ఈగల్లో కనిపెట్టారు. ఈ మార్గం తెగిన ఈగల అవయవాలు విపరీతంగా పెరగడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇందులోని ప్రొటీన్లు యాప్ అనే పెరుగుదల సంకేతాన్ని కేంద్రకంలోకి రానివ్వకుండా బయటే ఆపుతాయి. వాటిలో సాల్వడార్ అనే ప్రొటీన్ తగ్గితే యాప్ లోపలికి పోయి విభజన జన్యువులను లేపుతుంది.

హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల, టెక్సాస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లలో జేమ్స్ మార్టిన్ బృందం ఈ దారిలో ఒక్కో మెట్టు ఎక్కింది. గుండెపోటు తర్వాత గుండె వైఫల్యం స్థిరపడిన చిట్టెలుకల్లో సాల్వడార్‌ను తొలగిస్తే గుండె పని తిరిగి వస్తుందని 2017లో నేచర్‌లో చూపారు. 2021లో పందుల దగ్గరికి వచ్చారు. గుండెపోటు కలిగించిన రెండు వారాలకు, సాల్వడార్‌ను ఆపే ఆర్‌ఎన్‌ఏ సూచనను ఏఏవీ9 అనే వైరస్‌లో పెట్టి క్యాథెటర్‌తో పుండు అంచు కండరంలోకి ఇంజెక్ట్ చేశారు. మూడు నెలల తర్వాత చికిత్స పొందిన పందుల్లో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 14.3 శాతం మెరుగైందని, మచ్చ తగ్గిందని, రక్త కేశనాళికలు పెరిగాయని నివేదించారు. చికిత్స వల్ల మరణాలు లేవు. గుండె పరిమాణం, కొట్టుకునే వేగం, ధమనుల అమరిక మనిషికి దగ్గరగా ఉండే జంతువులో కండర కణాలు మళ్లీ విభజన చక్రంలోకి ప్రవేశించడం చిన్న విషయం కాదు. ఈ మందును మనుషుల్లో పరీక్షించేందుకు హ్యూస్టన్‌లోనే ఒక సంస్థ ఏర్పడింది.

దీనికి పక్కనే పెట్టి చదవాల్సిన ప్రయోగం ఒకటుంది. ఇటలీలో మౌరో జాక్కా బృందం విభజనను పెంచే మైక్రో ఆర్‌ఎన్‌ఏల కోసం వందల సంఖ్యలో జల్లెడ పట్టి 199ఎ వంటివాటిని ఎంచుకుంది. హిప్పో మార్గంలోని భాగాలతో పాటు అనేక జన్యువులను 199ఎ తగ్గిస్తుంది. 2019లో దాన్ని పందుల గుండెలోకి ఏఏవీ6 వైరస్ ద్వారా పంపారు. నెలకల్లా మచ్చ తగ్గి, గుండె పని పుంజుకుంది. ఆ తర్వాత కూడా వైరస్ మైక్రో ఆర్‌ఎన్‌ఏను తయారు చేయిస్తూనే ఉంది. ఎక్కువకాలం ఉంచిన పందుల్లో చాలావరకు హఠాత్తుగా చనిపోయాయి. విభజన కోసం సగం పరిపక్వతకు వెనక్కి వెళ్లిన కణాలు గుండెలో గుంపులుగా చేరి విద్యుత్ ప్రవాహాన్ని గందరగోళపరిచాయి, లయ తప్పి ప్రాణం పోయింది. కొత్త కణాలు పుట్టడం చాలదు, అవి మళ్లీ పెద్దవై పక్కవాటితో లయ కలపాలి. అందుకు మందు ఏదో ఒక రోజున ఆగిపోవాలి. వైరస్‌కు ఆగడం తెలియదు. అదే బృందం తర్వాత వైరస్ లేకుండా, కృత్రిమ మైక్రో ఆర్‌ఎన్‌ఏను నేరుగా ఒక్కసారి ఇచ్చే దారి వైపు మళ్లడంలో ఆశ్చర్యం లేదు.

హిప్పో విషయంలో ఇంకో భయం కాలేయం. చిట్టెలుక కాలేయంలో సాల్వడార్ లేకపోతే కణితులు వస్తాయి. రక్తంలో కలిసిన వైరస్ ఎక్కువగా చేరేది కాలేయానికే. అందుకే కండరంలోకి నేరుగా ఇంజెక్ట్ చేయడం, గుండె కణాల్లో తప్ప పనిచేయని స్విచ్ వెనక ఆ సూచనను అమర్చడం వంటి జాగ్రత్తలు ఈ రంగంలో అలంకారాలు కావు.

మనుషుల దాకా వచ్చిన మందు

గుండె కండరాన్నే లక్ష్యంగా చేసుకుని రోగుల్లో పరీక్షలకు వచ్చిన తొలి మైక్రో ఆర్‌ఎన్‌ఏ నిరోధకం సీడీఆర్132ఎల్. థుమ్ సహస్థాపకుడిగా హనోవర్‌లో ఏర్పడిన కార్డియోర్ సంస్థ దీన్ని తయారు చేసింది. ఒత్తిడికి గురైన గుండెలో పెరిగే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-132, కండరం అతిగా పెరగకుండా చూసే ఫాక్సో3 జన్యువునూ, సెర్కా2ఎనూ నొక్కుతుంది. దాన్ని అడ్డుకుంటే ఈ రెండూ తేరుకుంటాయి. పందుల్లో మంచి ఫలితం వచ్చాక, ధమనుల జబ్బు వల్ల గుండె వైఫల్యం ఉన్న 28 మందికి నాలుగు స్థాయిల మోతాదుల్లో ఒకదాన్నో, ఉత్తుత్తి మందునో 28 రోజుల తేడాతో రెండుసార్లు సిరలోకి ఎక్కించారు. 2021లో వెలువడిన ఆ పరీక్షలో మందు భద్రంగా కనిపించింది. గుండె భారాన్ని తెలిపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ తగ్గే ధోరణి కూడా కనిపించింది, అయితే 28 మందితో అంతకు మించి చెప్పడం సరికాదు. తర్వాత హెచ్ఎఫ్-రివర్ట్ అనే రెండో దశ పరీక్షను సుమారు 280 మంది కోసం రూపొందించారు. గుండెపోటు వచ్చిన 3 నుంచి 14 రోజుల్లో, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారికి 28 రోజుల తేడాతో మూడు మోతాదులు. ఆరు నెలలకు జఠరిక ముడుచుకున్నప్పటి పరిమాణాన్ని ప్రధాన కొలమానంగా పెట్టుకున్నారు. రోగులను ఎంచుకునే వ్యవధి ముప్పై ఏళ్ల కిందటి సేవ్ పరీక్షను గుర్తు చేస్తుంది. జఠరిక ఉబ్బడం మొదలుపెట్టే కాలం అదే కాబట్టి మందు మారినా ముహూర్తం మారలేదు. నోవో నార్డిస్క్ 2024లో కార్డియోర్‌ను సుమారు వంద కోట్ల యూరోల దాకా వెలకట్టే ఒప్పందంతో కొన్నది.

రవాణా చిక్కు

ఆర్‌ఎన్‌ఏ ముక్కలు రక్తంలో ఎంజైముల చేతికి చిక్కి నిమిషాల్లో విరిగిపోతాయి. రసాయన మార్పులతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. తీరనిది ఎక్కడికి చేరాలన్న సమస్య. కాలేయ కణాల మీద ఒక చక్కెరను పట్టుకునే గ్రాహకం సమృద్ధిగా ఉంటుంది. ఆ చక్కెరను మూడు కొమ్మలుగా ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏకు తగిలిస్తే మందు సూటిగా కాలేయానికి పోతుంది, చర్మం కింద ఒక్క ఇంజెక్షన్ నెలల తరబడి పనిచేస్తుంది. గుండె కండర కణం మీద దానికి సాటి వచ్చే తలుపు దొరకలేదు. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాన్ని పట్టుకునే యాంటీబాడీకి ముక్కను తగిలించి కండరాల్లోకి పంపే పద్ధతి అన్నిటిలో ముందుంది, అయితే అది నడుము, కాళ్ల కండరాలకూ పంచుతుంది. క్యాథెటర్‌తో హృదయ ధమనిలోనో కండరంలోనో నేరుగా ఇవ్వడం, నెమ్మదిగా కరిగే జెల్‌లో కలిపి పుండు అంచున ఉంచడం ఇతర మార్గాలు. స్టెంట్ వేసే రోగికి క్యాథెటర్ ఎలాగూ లోపల ఉంటుంది కాబట్టి ఆ దారి వినడానికి సులువు. కానీ ఐఆర్ఎఫ్5 వంటి లక్ష్యానికి సరైన రోజు, సాల్వడార్‌కు సరైన వారం, స్టెంట్ రోజుతో కలవవు. ఏఏవీ వైరస్‌కు చాలామంది రక్తంలో ముందే ప్రతిరక్షకాలు ఉంటాయి. ఒకసారి ఇచ్చాక అవి ఇంకా పెరుగుతాయి గనుక రెండో మోతాదు కుదరదు.

అందుకే ఇప్పటిదాకా హృద్రోగుల చేతికి వచ్చిన నిలుపుదల మందులన్నీ కాలేయం మీదుగా పనిచేసేవే. ఇన్‌క్లిసిరాన్ అనే మందు పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను ఆపి ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను సుమారు సగానికి దించుతుంది. తొలి రెండు ఇంజెక్షన్ల తర్వాత ఏడాదికి రెండు చాలు. వుట్రిసిరాన్ ట్రాన్స్‌థైరెటిన్‌ను ఆపి, ఆ ప్రొటీన్ గుండెలో పేరుకునే అమిలాయిడ్ జబ్బులో మరణాలనూ గుండె సమస్యలతో తిరిగి ఆసుపత్రి పాలవడాన్నీ తగ్గిస్తుందని 2024లో తేలింది, 2025లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. లైపోప్రొటీన్-ఎ తగ్గించే యాంటీసెన్స్ మందు పెలాకార్సెన్‌ను ఇప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్న 8,323 మందిలో పరీక్షించడం మొదలుపెట్టారు. దక్షిణాసియా వారికి ఈ చివరిది దగ్గరి విషయం. పుట్టుకతో నిర్ణయమయ్యే లైపోప్రొటీన్-ఎ ఈ ప్రాంతపు జనాల్లో ఐరోపా వారికన్నా ఎక్కువ, ఆహారం మార్చుకున్నా పెద్దగా తగ్గదు. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియాలో తొలి గుండెపోటు వయసు మధ్యస్థంగా 53 ఏళ్లు, మిగతా ప్రాంతాలన్నీ కలిపి చూస్తే దాదాపు 59. రెండో గుండెపోటును ఆపడం కూడా గుండె పనిని కాపాడటమే. ఆ మేరకు కాలేయం మీదుగా వచ్చే మందు కండరంలోకి వెళ్లే మందు కన్నా ముందే తెలుగు కుటుంబాలకు చేరే అవకాశం ఎక్కువ.

కొలత

ప్రయోగశాల జంతువులు చిన్నవయసువి, వాటి ధమనులు శుభ్రంగా ఉంటాయి, షుగర్, బీపీ ఉండవు. ఒక పంది గుండెలో ధమనిని బెలూన్‌తో గంటసేపు మూసి తెరవడం, ఇరవై ఏళ్లుగా కొవ్వు పేరుకున్న ధమనిలో గడ్డకట్టడం ఒకటి కాదు. పైగా ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే రోగి అప్పటికే నాలుగైదు మందుల మీద ఉంటాడు. కొత్త మందు వాటన్నిటి మీద అదనంగా ఎంత మేలు చేసిందో చూపాలి. స్టెంట్ సకాలంలో పడినవారిలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ కొన్ని వారాల్లో దానంతటదే పెరుగుతుంది, ఎందుకంటే చావకుండా సొమ్మసిల్లిన కండరం తిరిగి లేస్తుంది. ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేకుండా చెప్పే ఏ మెరుగుదలనూ లెక్కలోకి తీసుకోకపోవడానికి ఇదే కారణం. మచ్చను ఎకో కన్నా ఎంఆర్ఐ కచ్చితంగా కొలుస్తుంది. కొత్తగా పుట్టిన కండర కణాలను బతికున్న మనిషిలో లెక్కపెట్టే మార్గం మాత్రం లేదు. జంతువు గుండెను కోసి, సూక్ష్మదర్శిని కింద విభజన గుర్తులను చూసి చెప్పిన మాట మనిషిలో జఠరిక పరిమాణం, మచ్చ బరువు, లయ రికార్డుల ద్వారా పరోక్షంగా రుజువు కావాల్సిందే. పందుల అనుభవం చూశాక, పునరుత్పత్తి చికిత్స పొందే రోగికి లయను రాత్రింబగళ్లు గమనించే పరికరం నెలల తరబడి తగిలించి ఉంచడం పరీక్ష ప్రణాళికలో తప్పనిసరి భాగం.